మీ జన్యువు డేటాబేస్‌లోంచి మాయమైందా? కారణం ఇలా వెతకండి

మీ దగ్గర ఒక జన్యువుల జాబితా ఉంది. ఏదో పాత పేపర్ అనుబంధ పట్టికలోంచి తీసుకున్నది కావచ్చు, మీ ల్యాబ్‌లోనే కొన్నేళ్ల కిందట చేసిన ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌లో వచ్చినది కావచ్చు. అందులో మీకు బాగా ముఖ్యమైన ఐడీని ఎన్‌సీబీఐలో (అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార కేంద్రం) కొడితే, ఈ రికార్డును ఉపసంహరించాం అని కనిపించింది. థీసిస్ సమర్పించే ముందు ఇలా జరిగితే టెన్షన్ మామూలుగా ఉండదు. అయినా కంగారుపడి ఆ వరుసను జాబితాలోంచి కొట్టేయకండి. ఉపసంహరణ అన్న ఒక్క మాట కింద ఏడెనిమిది వేర్వేరు సంగతులు ఉంటాయి. వాటిలో కొన్నింటికి మీరు చేయాల్సింది ఐడీ మార్చుకోవడమే. కొన్నింటికి మాత్రం ఒక అధ్యాయమే తిరగరాయాలి.

డేటాబేస్‌లో ఉన్న ప్రిడిక్టెడ్ జన్యువు అంటే ఒక ప్రోగ్రామ్ చేసిన వాదన. అది మూడింటి మీద నిలబడుతుంది: కింద ఉన్న జీనోమ్ అసెంబ్లీ (సీక్వెన్స్ ముక్కలను అతికి కట్టిన జీనోమ్), దాని మీద పరిచిన ఆధారాలు (ఆర్‌ఎన్‌ఏ రీడ్లు, అంటే సీక్వెన్సింగ్‌లో చదివిన ముక్కలు; ఇతర జీవుల ప్రోటీన్లు), ఆ రెండింటినీ తూచి ఇక్కడ జన్యువు ఉందని తేల్చే నియమాలు. ఈ మూడింట్లో ఏది కదిలినా వాదన పడిపోవచ్చు. ఆ చోట జన్యువు లేదని ఎవరో ప్రయోగం చేసి నిరూపించడం వల్ల రికార్డు పోవడం చాలా అరుదు. ఉందని చెప్పేందుకు సరిపడా ఆధారం నిలవకపోవడం వల్లే ఎక్కువ పోతాయి. కాబట్టి మీ పని, ఈ మూడింట్లో ఏది కదిలిందో కనిపెట్టడం.

ముందు సందేశాన్ని పూర్తిగా చదవండి

ఎన్‌సీబీఐ జీన్ పేజీలో పాత ఐడీ తెరిస్తే సాధారణంగా రెండు రకాల మాటల్లో ఒకటి కనిపిస్తుంది. ఒకటి, ఈ రికార్డు బదులు ఫలానా జీన్ ఐడీ వాడండి అని. అంటే రెండు రికార్డులు ఒకే జన్యువువని తేలి కలిపేశారు, మీ సమస్య అక్కడితో తీరిపోయింది. రెండోది, ఈ రికార్డుకు ఆధారమైన మోడల్ తర్వాతి అనొటేషన్‌లో (జీనోమ్ మీద జన్యువులు ఎక్కడున్నాయో గుర్తించే పని) రాలేదు కాబట్టి తీసేశాం అని. అసలు పని ఉన్నది ఈ రెండోదానితోనే.

జాబితా పెద్దదైతే ఒక్కొక్కటీ తెరిచి చూడకండి. ఎన్‌సీబీఐ ఎఫ్‌టీపీ సైట్‌లో జీన్ హిస్టరీ అనే ఫైలు ఉంటుంది. ఆగిపోయిన ప్రతి ఐడీకీ జీవి సంఖ్య, పాత ఐడీ, పాత సింబల్, ఆగిపోయిన తేదీ, బదులు ఐడీ ఏదైనా ఉంటే అదీ అందులో ఉంటాయి. బదులు ఐడీ గడిలో చిన్న గీత మాత్రమే ఉంటే ఆ జన్యువుకు వారసులు లేరని అర్థం. తేదీ గడిని తేలిగ్గా తీసుకోకండి. ఒకే జీవికి చెందిన వందల ఐడీలు ఒకే రోజు ఆగిపోయి ఉంటే, మీ జన్యువులో ప్రత్యేకంగా లోపం ఉన్నట్టు కాదు. ఆ రోజు మొత్తం అనొటేషన్‌నే కొత్తగా నడిపారన్నమాట.

ఎన్సెంబుల్ (యూరప్‌లో నడిపే జీనోమ్ డేటాబేస్) ఐడీలకైతే వాళ్ల ఐడీ హిస్టరీ కన్వర్టర్ వాడండి. ఏ రిలీజ్‌లో ఐడీ రిటైరైందో, ఏ ఐడీలోకి మారిందో అది చెబుతుంది. వెతికే ముందు ఐడీ చివర చుక్క తర్వాత ఉన్న అంకెను తీసేయండి. అది వెర్షన్ సంఖ్య మాత్రమే. జన్యువు మాయమైందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఆ చుక్క దగ్గరే తేలిపోతాయి.

పేరు మారిందేమో చూసుకోండి

మనిషి జన్యువులైతే ఇది తప్పనిసరి. హెచ్‌జీఎన్‌సీ అనే నామకరణ కమిటీ సింబళ్లను మారుస్తూ ఉంటుంది. స్ప్రెడ్‌షీట్లు తేదీలుగా మార్చేస్తున్నాయని సెప్ట్1ను సెప్టిన్1 గానూ, మార్చ్1ను మార్చ్‌ఎఫ్1 గానూ మార్చింది. 2020లో తన నామకరణ మార్గదర్శకాల్లోనూ ఈ సంగతి రాసుకుంది. పాత పట్టికల్లో ఈ జన్యువులు తేదీల రూపంలో ఇప్పటికీ కనిపిస్తుంటాయి. క్రోమోజోమ్ సంఖ్యతో మొదలయ్యే తాత్కాలిక సింబళ్లు కూడా, ఆ జన్యువు పని తెలిశాక కొత్త పేరులోకి మారిపోతాయి.

ఎల్‌ఓసీ అక్షరాల వెనక పెద్ద సంఖ్య ఉంటే, దానికి ఇంకా పేరు పెట్టలేదని అర్థం. ఆ సంఖ్యే జీన్ ఐడీ. సింబల్‌తో దొరకకపోతే ఆ సంఖ్యతో వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది.

ఇంకేం చేసే ముందయినా సీక్వెన్స్‌ను దాచుకోండి

ఐడీ పోయినా సీక్వెన్స్ పోదు. మీ పరిశోధనకు అసలు ఆధారం సీక్వెన్సే. రెఫ్‌సీక్‌లో (ఎన్‌సీబీఐ రెఫరెన్స్ సీక్వెన్స్‌ల సేకరణ) తొలగించిన రికార్డులు బ్లాస్ట్ (పోలిన సీక్వెన్స్‌లను వెతికే పరికరం) డేటాబేస్‌లోంచి పోతాయి కానీ, యాక్సెషన్ సంఖ్య (రికార్డు గుర్తింపు సంఖ్య) నేరుగా ఇస్తే చాలావరకు తెరుచుకుంటాయి. ప్రోటీన్ల డేటాబేస్ యూనిప్రాట్‌లో ఎంట్రీ పోయినా దాని సీక్వెన్స్ యూనిపార్క్‌లో ఉంటుంది, పాత ఎంట్రీ వెర్షన్లు యూనిసేవ్‌లో ఉంటాయి. ఎన్సెంబుల్‌కు పాత రిలీజ్‌ల ఆర్కైవ్ సైట్లు ఉన్నాయి. వాటినీ శాశ్వతంగా నడపరు, కాబట్టి దొరికినప్పుడే దించుకోండి.

మూడు ఫైళ్లు తీసుకుంటే చాలు: ట్రాన్స్‌క్రిప్ట్ (జన్యువు నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ) సీక్వెన్స్, ప్రోటీన్ సీక్వెన్స్, పాత అసెంబ్లీలో ఆ జన్యువు ఉన్న చోటు. మూడోది చాలామంది మరిచిపోతారు. కోఆర్డినేట్లు తీసుకునేటప్పుడు పక్కనే అసెంబ్లీ పేరు, వెర్షన్ రాసుకోండి. అసెంబ్లీ పేరు లేని కోఆర్డినేట్ ఎందుకూ పనికిరాదు.

పాత రికార్డు దేని మీద నిలబడిందో చదవండి

రెఫ్‌సీక్ యాక్సెషన్ మొదటి రెండు అక్షరాలే సగం కథ చెబుతాయి. ఎన్‌ఎం, ఎన్‌ఆర్, ఎన్‌పీ అంటే ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌కూ ప్రోటీన్‌కూ సీక్వెన్స్ ఆధారం ఉన్న, క్యూరేటర్లు (రికార్డులను స్వయంగా సరిచూసే నిపుణులు) చూసే అవకాశమున్న రికార్డులు. ఎక్స్‌ఎం, ఎక్స్‌ఆర్, ఎక్స్‌పీ అంటే నోమాన్ అనే ప్రోగ్రామ్ అంచనా వేసిన మోడళ్లు. అనొటేషన్ నడిపిన ప్రతిసారీ మోడళ్లన్నీ కొత్తగా పుడతాయి. పాత జన్యువుతో చోటు, సీక్వెన్స్ సరిపోలితే జీన్ ఐడీ ముందుకు నడుస్తుంది, పోలకపోతే ఆగిపోతుంది. అంటే ఎక్స్‌ఎం రికార్డు పోవడం మామూలు విషయం. ఎన్‌ఎం రికార్డు పోతే మాత్రం దాని వెనక ఒక నిర్ణయం ఉంటుంది. కారణం రికార్డులోనే ఉంటుంది, చదవండి.

ఎక్స్‌ఎం రికార్డు వ్యాఖ్యల భాగంలో ఒక వాక్యం కోసం చూడండి: ఈ మోడల్‌కు ఇన్ని ఈఎస్‌టీలు (ట్రాన్స్‌క్రిప్ట్‌ల నుంచి చదివిన పొట్టి సీక్వెన్స్‌లు), ఇన్ని ప్రోటీన్లు మద్దతిస్తున్నాయి, ఆర్‌ఎన్‌ఏ రీడ్లు ఇంత శాతం భాగాన్ని కప్పుతున్నాయి, అన్ని ఇంట్రాన్లకూ (తుది ఆర్‌ఎన్‌ఏలోంచి కత్తిరించేసే భాగాలు) మద్దతిచ్చే శాంపిళ్లు ఇన్ని అని. శాంపిళ్ల ప్రస్తావనే లేకుండా ఒక ప్రోటీన్ పోలిక మాత్రమే ఉంటే ఆ మోడల్ మొదటినుంచీ సన్నని దారం మీదే ఉందన్నమాట. ప్రోటీన్ పేరు ముందు లో క్వాలిటీ ప్రోటీన్ అన్న మాట ఉంటే ఇంకా అప్రమత్తం కావాలి. జీనోమ్‌లో మూడేసి అక్షరాలుగా చదివే ఫ్రేమ్ తప్పిన చోటో, మధ్యలో ప్రోటీన్‌ను ఆపేసే స్టాప్ కోడాన్ పడిన చోటో ప్రోగ్రామ్ సర్దుబాటు చేసి ఆ ప్రోటీన్‌ను తయారుచేసింది. అది అసెంబ్లీలో పడిన సీక్వెన్సింగ్ పొరపాటు కావచ్చు, చచ్చిపోయిన జన్యువూ కావచ్చు. రెండింటికీ రికార్డులో కనిపించే లక్షణం ఒకటే.

యూనిప్రాట్‌లో అయితే ప్రోటీన్ ఉనికి స్థాయి చూడండి. 1 అంటే ప్రోటీన్ స్థాయిలో ఆధారం ఉంది, 2 అంటే ట్రాన్స్‌క్రిప్ట్ స్థాయిలో, 3 అంటే పోలికను బట్టి ఊహించింది, 4 అంటే కేవలం ప్రిడిక్షన్, 5 అంటే అనుమానాస్పదం.

ఇప్పుడు అసలు కారణం పట్టుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. అన్నింటికన్నా సులువుగా తేలే కారణంతో మొదలుపెట్టండి. పాత సీక్వెన్స్‌ను కొత్త అసెంబ్లీ మీద బ్లాస్ట్ చేయండి లేదా బ్లాట్ చేయండి. మూడు జవాబుల్లో ఒకటి వస్తుంది: అసలు దొరకదు, దొరుకుతుంది కానీ అక్కడ వేరే జన్యువు ఉంది, దొరుకుతుంది కానీ అక్కడ ఏ జన్యువూ లేదు.

అసలు దొరకకపోతే మొదటి అనుమానం కల్తీ మీద పెట్టండి. శాంపిల్‌లో ఉన్న బ్యాక్టీరియా, ఫంగస్, కొన్నిసార్లు ల్యాబ్‌లో పనిచేసిన మనిషి డీఎన్‌ఏ కూడా అసెంబ్లీలో చేరుతుంది. ప్రోగ్రామ్ దాని మీద కూడా జన్యువులు గీస్తుంది. 2015లో హిప్సిబియస్ డుజార్డిని అనే టార్డిగ్రేడ్ జీనోమ్‌లో ఆరోవంతు జన్యువులు బ్యాక్టీరియా వంటి పరాయి జీవుల నుంచి వచ్చాయని ఒక పేపర్ చెప్పింది. అదే జంతువును విడిగా సీక్వెన్స్ చేసిన మరో బృందం 2016లో, అందులో చాలా భాగం కల్తీయేనని చూపించింది. ఎదురు దిశలోనూ ఇలాగే జరుగుతుంది. 2019లో వచ్చిన ఒక అధ్యయనం 2 వేలకు పైగా బ్యాక్టీరియా జీనోమ్‌లలో మనిషి సీక్వెన్స్ ముక్కలు కనిపెట్టింది. వాటి వల్ల 3 వేలకు పైగా లేని ప్రోటీన్లు డేటాబేస్‌లలోకి వచ్చాయని తేల్చింది. ఆ ప్రోటీన్లలో కొన్ని ఒకదానితో ఒకటి పోలి ఉండటంతో అవి నిజమైన ప్రోటీన్ కుటుంబాల్లా కనిపించాయి. నా దృష్టిలో ఈ రంగంలో మెడకు చుట్టుకునే ఉచ్చు ఇదే: తప్పుకు తప్పే సాక్ష్యం చెప్పడం.

కల్తీని గుర్తుపట్టడానికి మీ జన్యువు ఒక్కదాన్నే చూస్తే సరిపోదు, అది కూర్చున్న స్కాఫోల్డ్ (అసెంబ్లీలో ఒక్కటిగా అతికిన ముక్క) మొత్తం చూడండి. చిన్న స్కాఫోల్డ్, ఇంట్రాన్లు లేని జన్యువులు, జీసీ శాతం (జీ, సీ అక్షరాల వాటా) మిగతా జీనోమ్‌కు దూరంగా ఉండటం, రీడ్ల లోతు (ఒక్కో చోటును కప్పే రీడ్ల సంఖ్య) వేరుగా ఉండటం, ఇరుగుపొరుగు జన్యువులన్నీ బ్లాస్ట్‌లో బ్యాక్టీరియాకే అతకడం. ఇవన్నీ కలిసివస్తే ఇక వాదించకండి. ఎన్‌సీబీఐ వాళ్ల ఎఫ్‌సీఎస్ అనే పరికరం ఈ జల్లెడ పనిని జీనోమ్ స్థాయిలో చేస్తుంది. కొత్త అసెంబ్లీ సమర్పిస్తున్న వాళ్లు ముందే నడిపి చూసుకోవడం మంచిది.

దొరికింది, కానీ అక్కడ వేరే పేరుతో పెద్ద జన్యువు ఉందా? అయితే మీది ఒక ముక్క. పాత అసెంబ్లీలు చిన్నచిన్న ముక్కలుగా ఉన్నప్పుడు ఒకే జన్యువు ఎక్సాన్లు (తుది ఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగాలు) రెండు మూడు స్కాఫోల్డ్‌ల మీద పడి, ఒక్కో ముక్కకు ఒక్కో ఐడీ వచ్చేది. లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్ వచ్చాక ఆ ముక్కలు అతుక్కుని ఐడీలు తగ్గుతున్నాయి. దీనికి తలకిందులుగా కూడా ఉంటుంది. పక్కపక్కనున్న రెండు జన్యువులను పాత ప్రోగ్రామ్ ఒకటిగా కుట్టేసి ఉంటే, కొత్తది వాటిని విడదీస్తుంది. అప్పుడు ఒక పాత ఐడీకి ఇద్దరు వారసులు ఉంటారు. ఇలాంటప్పుడు మీ పాత పీసీఆర్ ప్రైమర్లు ఏ ఎక్సాన్ మీద పడుతున్నాయో చూసి, ఆ వారసుణ్నే తీసుకోండి. లెక్కలు రెండింటికీ పంచేయకండి.

దొరికిన చోటు ఇంకో జన్యువుకు అచ్చుగుద్దినట్టు నకలైతే, నిజానికి లేని డూప్లికేషన్ అసెంబ్లీలో పుట్టి ఉండొచ్చు. మనిషి రెఫరెన్స్‌లో కూడా ఇది జరిగింది. 2013 డిసెంబరులో విడుదలైన జీఆర్‌సీహెచ్38లో 21వ క్రోమోజోమ్ మీద కొన్ని భాగాలు పొరపాటున రెండుసార్లు పడ్డాయి. యూ2ఏఎఫ్1, సీబీఎస్, కేసీఎన్‌ఈ1 వంటి జన్యువులకు అక్కడ ఉత్తుత్తి జంటలు ఏర్పడ్డాయి. యూ2ఏఎఫ్1కు జంటగా వచ్చినదాన్ని యూ2ఏఎఫ్1ఎల్5 అన్నారు. ఫలితం కాగితం మీదే ఆగలేదు. రీడ్లు రెండు చోట్లా సమానంగా అతకడంతో మ్యాపింగ్ నాణ్యత (రీడ్ సరైన చోటే అతికిందన్న నమ్మకం) సున్నాకు పడిపోయి, రక్త క్యాన్సర్లలో ముఖ్యమైన యూ2ఏఎఫ్1 మ్యుటేషన్లు విశ్లేషణలో తప్పిపోయాయి. 2022లో పూర్తి జీనోమ్ టీ2టీ-సీహెచ్‌ఎం13 వచ్చాక ఇలాంటి లోపాలన్నీ ఒక్కచోట స్పష్టంగా కనపడ్డాయి. కాబట్టి మీ జన్యువు ఇలాంటి ఉత్తుత్తి జంటే అయితే, అది పోవడం వల్ల అసలు జన్యువు లెక్క సరవుతుంది.

చోటు దొరికింది, అక్కడ ఇప్పుడు ఏ జన్యువూ లేదు అంటే మిగిలే ముఖ్యమైన అనుమానాలు మూడు.

మొదటిది ట్రాన్స్‌పోజాన్, అంటే జీనోమ్‌లో ఒక చోటినుంచి ఇంకో చోటికి చేరే డీఎన్‌ఏ ముక్క. మొక్కల మీద పనిచేసేవాళ్లు ముందు ఇదే చూడాలి. ప్రోటీన్‌ను ఇంటర్‌ప్రో అనే ప్రోటీన్ డొమైన్ల డేటాబేస్‌లో వేసి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్, ట్రాన్స్‌పోజేజ్ డొమైన్లు ఉన్నాయేమో చూడండి. జీనోమ్ బ్రౌజర్‌లో, పదేపదే వచ్చే సీక్వెన్స్‌లను చూపే రిపీట్‌మాస్కర్ ట్రాక్ ఆన్ చేసి చూడండి. అదే సీక్వెన్స్ జీనోమ్‌లో పదుల చోట్ల అతికితే అనుమానం బలపడుతుంది. వరి జీనోమ్ చరిత్ర దీనికి మంచి పాఠం. 2002లో వెలువడిన డ్రాఫ్ట్‌లలో జన్యువుల అంచనా 32 వేల నుంచి 55 వేల దాకా ఊగింది. ఆ అంచనాలు అంత ఉబ్బడానికి ట్రాన్స్‌పోజాన్లను జన్యువులుగా లెక్కించడం ఒక పెద్ద కారణమని 2004లోనే విమర్శ వచ్చింది. కొన్ని ట్రాన్స్‌పోజాన్లు నిజమైన జన్యువుల ఎక్సాన్లను కూడా మోసుకెళ్తాయి. అందుకే ఒక మామూలు డొమైన్ కనిపించగానే ఇది నిజం జన్యువే అని గంతులేయకండి.

రెండోది సూడోజీన్, అంటే ప్రోటీన్ తయారుచేయలేని, చచ్చిపోయిన జన్యువు. మనిషి జీనోమ్‌లో వీటి సంఖ్య 14 వేలకు తక్కువ ఉండదు. సూడోజీన్‌ను తల్లి జన్యువుతో పక్కపక్కన పెట్టి చూడండి. తల్లికి ఇంట్రాన్లు ఉండి దీనికి లేకపోతే, చివర వరుసగా ‘ఏ’ (A) అక్షరాల తోక మిగిలి ఉంటే, అది ఆర్‌ఎన్‌ఏ నుంచి తిరిగి జీనోమ్‌లోకి చేరిన నకలు. ఫ్రేమ్ తప్పిన చోట్లు, మధ్యలో స్టాప్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే సీక్వెన్సింగ్ పొరపాటు కావచ్చు, ముడి రీడ్లు చూసి నిర్ణయించాలి. నాలుగైదు ఉంటే ఆ జన్యువు ఎప్పుడో చచ్చిపోయింది. ఇక్కడ ఒక తేడా గమనించండి: చాలా డేటాబేస్‌లు సూడోజీన్‌ను తొలగించవు, రకం మారుస్తాయి. మీరు ప్రోటీన్ కోడింగ్ జన్యువులనే వడకట్టి దించుకుంటే అది మాయమైనట్టు కనిపిస్తుంది, అంతే.

మూడోది, యాదృచ్ఛికంగా ఏర్పడిన ఓపెన్ రీడింగ్ ఫ్రేమ్, అంటే స్టాప్ కోడాన్ తగలకుండా సాగే సీక్వెన్స్. దీని వెనక లెక్క తెలిస్తే సగం రికార్డులు ఎందుకు పోయాయో మీకే అర్థమవుతుంది. మొత్తం 64 కోడాన్లలో (మూడక్షరాల మాటలు) 3 స్టాప్‌లు. డీఎన్‌ఏ అక్షరాలు ఏ క్రమమూ లేకుండా, సమానంగా పరుచుకుని ఉన్నాయనుకుంటే, 100 కోడాన్లు స్టాప్ తగలకుండా సాగే అవకాశం దాదాపు 0.8 శాతం. వినడానికి చిన్నదే. కానీ ఈస్ట్ జీనోమ్‌లో సుమారు 1.2 కోట్ల బేస్‌లు ఉన్నాయి, చదవడానికి ఆరు ఫ్రేములు ఉన్నాయి. ఆ చిన్న శాతం వందల దొంగ జన్యువులను పుట్టిస్తుంది. 300 కోడాన్లకు అదే అవకాశం పది లక్షల్లో ఒకటి కూడా ఉండదు. అందుకే పొడవైన మోడళ్లు ఈ కారణంతో పోవడం అరుదు, పొట్టివే పోతాయి. ఇంకో మెలిక ఉంది. స్టాప్ కోడాన్లలో ‘ఏ’ (A), ‘టీ’ (T) అక్షరాలే ఎక్కువ. జీసీ శాతం ఎక్కువగా ఉండే స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియాలో స్టాప్‌లు తక్కువ తగులుతాయి. అక్కడ ఉత్తుత్తి ఫ్రేములు ఇంకా పొడవుగా సాగుతాయి, పొడవును నమ్మలేం.

1999లో ఏరోపైరమ్ పెర్నిక్స్ అనే ఆర్కియా జీనోమ్‌ను ప్రకటించినప్పుడు 100 కోడాన్లు దాటిన ఫ్రేములన్నీ తీసుకుని 2,694 జన్యువులు అన్నారు. తర్వాత మళ్లీ అనొటేట్ చేస్తే సుమారు 1,700 నిలిచాయి. ఈస్ట్‌లోనూ ఇదే వరస. 2003లో దానికి దగ్గరి జాతులు మూడింటిని పోల్చి చూసి, సుమారు 500 ఫ్రేములను లెక్కలోంచి తీసేయాలని ఒక బృందం ప్రతిపాదించింది. ఈస్ట్ డేటాబేస్ ఎస్‌జీడీ ఇలాంటివాటిని చెరిపేయకుండా డూబియస్ అనే ముద్రతో ఉంచుతుంది. నా ఓటు ఈ పద్ధతికే. ఎందుకు అనుమానించారో చూడటానికి చోటు మిగులుతుంది.

మనిషి జన్యువుల సంఖ్య పడిపోవడంలోనూ ఈ పోలికల పద్ధతికి పెద్ద పాత్ర ఉంది. 2001 డ్రాఫ్ట్‌లో 30 వేల నుంచి 40 వేలు అన్నారు, 2004లో 20 వేల నుంచి 25 వేలు అన్నారు. 2007లో ఒక అధ్యయనం, అప్పటి జాబితాల్లో ఇతర జంతువుల్లో జత లేని వేల ఫ్రేములు యాదృచ్ఛిక సీక్వెన్స్‌లాగే ప్రవర్తిస్తున్నాయని చూపి, సంఖ్యను దాదాపు 20,500కు దించింది. అలాగని సంఖ్యలు ఎప్పుడూ కిందికే వెళ్తాయని అనుకోకండి. తేనెటీగకు 2006లో సుమారు 10 వేల జన్యువులు అన్నారు. 2014లో మెరుగైన అసెంబ్లీ, ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ డేటాతో చూస్తే 15 వేలు దాటాయి.

వీటిలో ఏదీ కాకపోతే చివరి కారణం మిగులుతుంది: ప్రోగ్రామ్ వెర్షన్ మారింది, ఆధారాల కోత గీత కొంచెం పైకి జరిగింది, మీ జన్యువు దాని కింద పడింది. ఇందులో జీవశాస్త్రం ఏమీ లేదు. ఇలాంటివాటికే మీ సొంత పరీక్ష ఎక్కువ అవసరం.

ఆధారాన్ని మీరే తూచండి

కొత్త అసెంబ్లీ మీద మీ ఆర్‌ఎన్‌ఏ రీడ్లను మళ్లీ అలైన్ చేసి ఐజీవీ అనే జీనోమ్ బ్రౌజర్‌లో ఆ చోటు తెరవండి. ఎన్ని రీడ్లు ఉన్నాయన్నది ముందు చూడకండి. స్ప్లైస్ జంక్షన్లు (ఇంట్రాన్ పోయి ఎక్సాన్లు అతికే చోట్లు) చూడండి. ఒక రీడ్ ఇంట్రాన్‌ను దాటి రెండు ఎక్సాన్ల మీద పడిందంటే, ఆ ఇంట్రాన్ జీటీతో మొదలై ఏజీతో ముగిసిందంటే, అక్కడ నిజంగా ఒక ట్రాన్స్‌క్రిప్ట్ తయారవుతోందని చెప్పడానికి అది గట్టి సాక్ష్యం. అలాకాకుండా రీడ్లు ఆ ప్రాంతమంతా సన్నగా, రెండు స్ట్రాండ్ల మీదా, ఇంట్రాన్లలో కూడా సమానంగా పరుచుకుని ఉంటే, అది శాంపిల్‌లో మిగిలిపోయిన జీనోమిక్ డీఎన్‌ఏ కావచ్చు. మ్యాపింగ్ నాణ్యత సున్నా ఉన్న రీడ్లను దాచి మళ్లీ చూడండి. అప్పుడు చోటంతా ఖాళీ అయిపోతే ఆ రీడ్లు ఇంకెక్కడివో.

ఆర్‌ఎన్‌ఏ ఉన్నంత మాత్రాన ప్రోటీన్ ఉందని కాదు. ప్రోటీన్ సంగతి తేలాలంటే, మీ జీవికి దగ్గరి జాతుల జీనోమ్‌ల మీద టీబ్లాస్ట్‌ఎన్ (ప్రోటీన్ సీక్వెన్స్‌తో డీఎన్‌ఏలో వెతికే బ్లాస్ట్) చేయండి. ఫ్రేమ్ నిలబడి ఉందా, మార్పులు ఎక్కువగా కోడాన్ మూడో స్థానంలోనే ఉన్నాయా అన్నది చూడండి. రైబోజోమ్ ప్రొఫైలింగ్ (రైబోజోమ్‌లు ఏ ఆర్‌ఎన్‌ఏను చదువుతున్నాయో చూపే పద్ధతి) డేటా దొరికితే మూడు బేస్‌ల లయ కనిపిస్తుందేమో చూడండి. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ఒకే ఒక్క పెప్టైడ్ దొరికితే సంబరపడకండి. మనిషి ప్రోటియోమ్ ప్రాజెక్టు నియమం ప్రకారం, ఒక ప్రోటీన్ ఉందని ఒప్పుకోవాలంటే కనీసం 9 అమైనో ఆమ్లాల పొడవున్న, దానికి మాత్రమే చెందిన, ఒకదానిలో ఒకటి ఇమిడిపోని పెప్టైడ్లు రెండు కావాలి. ప్రయోగం చేయగలిగితే ఆర్‌టీ-పీసీఆర్ చాలు. ప్రైమర్లను ఇంట్రాన్‌కు రెండు వైపులా పెట్టండి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని కంట్రోల్ తప్పకుండా పెట్టండి.

పొట్టి ప్రోటీన్ల విషయంలో మాత్రం కొట్టివేత తీర్పు తొందరపడి ఇవ్వకండి. కండరాల్లో పనిచేసే మయోరెగ్యులిన్ పొడవు 46 అమైనో ఆమ్లాలే. 2015లో దాన్ని గుర్తించేదాకా ఆ చోటు నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏగా రాసి ఉండేది. 2022లో జెన్‌కోడ్ (మనిషి, ఎలుక జన్యువుల అనొటేషన్ ప్రాజెక్టు) సహా కొన్ని డేటాబేస్‌లు కలిసి, రైబోజోమ్‌లు చదువుతున్నట్టు కనిపించిన 7,264 ఫ్రేములను విడిగా ఒక జాబితాలో పెట్టాయి. వాటిని జన్యువులుగా ఒప్పుకోలేదు, అలాగని చెత్తబుట్టలోనూ వేయలేదు.

ఇంకో డేటాబేస్‌లో కూడా చూడండి. ఎన్‌సీబీఐ తీసేసినది ఎన్సెంబుల్‌లో ఉండొచ్చు, అటుది ఇటూ ఉండొచ్చు. 2018లో మనిషి జన్యువుల మీద చేసిన పోలికలో ఎన్సెంబుల్/జెన్‌కోడ్, రెఫ్‌సీక్, యూనిప్రాట్ మూడూ కలిపి 22,210 కోడింగ్ జన్యువులు తేలితే, వాటిలో ప్రతి ఎనిమిదింట ఒకటి మూడు చోట్లా ఒకేలా లేదు. మనిషి జీనోమ్ పరిస్థితే ఇలా ఉంటే, ఒక్కసారి అనొటేట్ చేసి వదిలేసిన జీవుల సంగతి మీరే ఊహించుకోండి.

మీ ఫలితాలను సరిచేయండి

ఉపసంహరించిన జన్యువు మీ డిఫరెన్షియల్ ఎక్స్‌ప్రెషన్ పట్టికలో పైన ఉంటే ఒక సంగతి మరిచిపోకండి: మోడల్ పోయింది కానీ రీడ్లు నిజమైనవే. ఆ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడినుంచో వచ్చింది. కొత్త అనొటేషన్‌తో మళ్లీ లెక్కిస్తే అవి పక్క జన్యువు పొడవాటి త్రీ ప్రైమ్ చివరలోకో, ఒక నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలోకో వెళ్లి కూర్చోవచ్చు. అప్పుడు మీ పరిశీలన నిలుస్తుంది, దానికి మీరు చెప్పిన వివరణ మారుతుంది.

ఐడీలను మాత్రమే మార్చేసి పాత కౌంట్లు అలాగే ఉంచడం సగం పని. కుదిరినంతవరకు కౌంటింగ్ నుంచి మళ్లీ నడపండి. జీవోలో (జన్యువుల పనులను వర్గీకరించే జీన్ ఆంటాలజీ) ఎన్‌రిచ్‌మెంట్ చేసేటప్పుడు పోయిన ఐడీలను మీ జాబితాలోంచి తీస్తే బ్యాక్‌గ్రౌండ్ జాబితాలోంచి కూడా తీయండి. చాలా సాఫ్ట్‌వేర్లు గుర్తుపట్టని ఐడీలను చప్పుడు చేయకుండా వదిలేస్తాయి. ఎన్ని వదిలేశాయో లాగ్ ఫైలులో చూసి పేపర్‌లో రాయండి.

మెథడ్స్ విభాగంలో అసెంబ్లీ యాక్సెషన్‌ను వెర్షన్‌తో సహా, అనొటేషన్ రిలీజ్ పేరు, డౌన్‌లోడ్ చేసిన తేదీ రాయండి. ఉపసంహరించిన జన్యువును పేపర్‌లో ఉంచాలనుకుంటే పాత ఐడీ, అది ఆగిపోయిన తేదీ, కొత్త అసెంబ్లీలో కోఆర్డినేట్లు, మీ సొంత ఆధారం నాలుగూ కలిపి ఇవ్వండి. సీక్వెన్స్‌ను అనుబంధ ఫైలులో పెట్టండి. ఐడీ మళ్లీ మారినా చదివేవాళ్లు దాన్ని పట్టుకుని రాగలరు.

ఉందని మీకు నమ్మకం కుదిరితే రాసి పంపండి

ఎవరికి రాయాలన్నది రికార్డు ఎక్కడిదన్న దాన్ని బట్టి ఉంటుంది. జెన్‌బ్యాంక్ (పరిశోధకులు సమర్పించే సీక్వెన్స్‌ల ఆర్కైవ్) రికార్డు, దాన్ని సమర్పించినవాళ్ల సొత్తు. దాన్ని మార్చమని అడగాల్సింది వాళ్లనే. రెఫ్‌సీక్, జీన్ రికార్డులు ఎన్‌సీబీఐవి కాబట్టి వాళ్ల ఫీడ్‌బ్యాక్ ఫారం వాడండి. ఎన్సెంబుల్‌కు హెల్ప్‌డెస్క్ ఉంది. మీ జీవికి ప్రత్యేక డేటాబేస్ ఉంటే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి, చాలాచోట్ల అపోలో అనే పరికరంలో మీరే మోడల్ గీసి ఇవ్వొచ్చు.

ఉత్తరం పొట్టిగా ఉండాలి. ఈ జన్యువు మాకు చాలా ముఖ్యం అన్న వాక్యం వల్ల క్యూరేటర్‌కు ఏ ఉపయోగమూ లేదు. ప్రస్తుత అసెంబ్లీలో కోఆర్డినేట్లు, స్ట్రాండ్, స్ప్లైస్ జంక్షన్లకు మద్దతిచ్చే ఎస్‌ఆర్‌ఏ (ముడి రీడ్ల ఆర్కైవ్) రన్ సంఖ్యలు, మీరు తీసిన సీడీఎన్‌ఏకు (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసిన డీఎన్‌ఏ) జెన్‌బ్యాంక్ యాక్సెషన్, పేపర్ ఉంటే దాని పబ్‌మెడ్ సంఖ్య ఇవ్వండి. వీటిలో సీడీఎన్‌ఏ యాక్సెషన్‌కు బరువు ఎక్కువ. అది ఆర్కైవ్‌లో చేరితే తర్వాతి అనొటేషన్ నడిచినప్పుడు, మీ ఉత్తరం ఎవరూ చదవకపోయినా, ప్రోగ్రామ్ దాన్ని ఆధారంగా తీసుకునే అవకాశం ఉంటుంది.